‘కరెంటు పోయింది, కొవ్వొత్తేదీ?’ – సటీకం, సతాత్పర్యం

“కరెంటు పోయింది! కొవ్వొత్తి ఎక్కడ పెట్టారు? అగ్గిపెట్టె కూడా పట్టుకురండి.”

ఇది మూలం. కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం అంతర్గత సాక్ష్యాన్ని బట్టి కొంత తేలుతుంది: ఇళ్ళకు కరెంటు వచ్చిన తర్వాతిది, ఇన్వర్టర్లు రాకముందుది. ఉన్నవి మూడే వాక్యాలు గానీ తెలుగునాట ఒక తరం మొత్తానికి కంఠోపాఠం. ఇంత ప్రచారం ఉండి కూడా ఇది టీకకు నోచుకోలేదు. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు మొదటి నియమం మీద గౌరవం ఉంది. రెండోదాని సంగతి పాఠకులే చూస్తారు.

ప్రతిపదార్థం. కరెంటు అనగా విద్యుత్తు. పోయింది అనగా పోయింది. ఎక్కడికి పోయిందన్న శంక వ్యాకరణానికి చెందదు, లైన్‌మన్‌కి చెందుతుంది. ఈ మాట చెవిన పడగానే ఇంట్లో ఒకరు వీధి అరుగు మీదికో బాల్కనీలోకో వెళ్ళి పక్కింట్లో ఉందో లేదో చూసొస్తారు. శాస్త్రంలో దీన్ని ప్రత్యక్ష ప్రమాణం అంటారు. పక్కింట్లోనూ లేదని తేలాక కలిగే ప్రశాంతతకు ఆలంకారికులు తొమ్మిది రసాల్లో చోటు చూపించలేదు. చూపించవలసింది.

‘పెట్టారు’ దగ్గర వ్యాఖ్యాత కాసేపు ఆగుతాడు. ఈ బహువచనం గౌరవార్థకం కాదు. కిందటిసారి కొవ్వొత్తి వాడిందెవరో, వాడి ఎక్కడ పడేశారో అడిగినవాడికే తెలియదు. తనే అయ్యుండే అవకాశమూ లేకపోలేదు. అందుకని నిందను ఇంటిల్లిపాదికీ సమంగా పంచే ప్రయోగం చేశాడు. దీనికి వంటింట్లోంచి “ఫ్రిజ్జు మీద చూడండి” అనో, “దేవుడి గూట్లో ఉండాలి” అనో జవాబు వస్తుంది. ‘ఉంది’ అనకుండా ‘ఉండాలి’ అనడంలోని జాగ్రత్త గమనించదగ్గది.

‘అగ్గిపెట్టె కూడా’. గ్రంథం మొత్తంలో బరువైన పదం ఈ ‘కూడా’యే. కొవ్వొత్తి వెతకాలంటే వెలుగు కావాలి. వెలుగు కావాలంటే కొవ్వొత్తి దొరకాలి. దొరికిందే అనుకున్నా, అగ్గిపెట్టె వెతకడానికి మళ్ళీ వెలుగు కావాలి. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. టీపాయ్ మోకాలికి తగిలినవాళ్ళు వేరే మాటలంటారు.

ఇక ప్రధాన పదం. దీనికి పాఠాంతరాలున్నాయి. తెలంగాణ ప్రతుల్లో ‘మోంబత్తి’ అని కనిపిస్తుంది, పాత అచ్చుపుస్తకాల్లో ‘క్రొవ్వొత్తి’ అని. వస్తువు ఒకటే కనుక తగవు లేదు. తగవంతా కొవ్వు దగ్గరే. ఎవరి కొవ్వు అని పూర్వపక్షి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఐరోపాలో సామాన్యుల ఇళ్ళలో వెలిగినవి పశువుల కొవ్వు కాచి పోసిన వత్తులు; పొగ, వాసన, చిటపటలు. చర్చీల్లోనూ కలవారి మేడల్లోనూ తేనెమైనపు వత్తులు వెలిగేవి. పద్దెనిమిదో శతాబ్దంలో తిమింగలాలను వేటాడి వాటి తలల్లోని స్పెర్మసేటితో వత్తులు పోయడం మొదలైంది. 1857లో తూటాలకు పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం ఈ దేశంలో ఎంత దూరం పోయిందో తలచుకుంటే, అలాంటి వత్తి మన దేవుడి గదిలోకి ఎందుకు రాలేదో వేరే చెప్పనక్కర్లేదు.

సమాధానం: ఇప్పుడు కొనే కొవ్వొత్తిలో కొవ్వు దాదాపు లేనట్టే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో షెవ్రేల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త కొవ్వును విడగొట్టి స్టియరిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. గట్టిగా ఉండి, వాసన లేకుండా మండే వత్తులు అలా పుట్టాయి. ఆ శతాబ్దం మధ్యకొచ్చేసరికి పారఫిన్ మైనం దిగింది. ఇది భూగర్భంలోని ముడి చమురు నుంచి వచ్చేది. మన దేశంలో 1901 నుంచి నడుస్తున్న అస్సాంలోని డిగ్బోయ్ రిఫైనరీకి మైనం ఉత్పత్తిలో పాత పేరే ఉంది. అంటే స్కూటర్‌కి పెట్రోలు, గూట్లో కొవ్వొత్తి, రెండూ ఒకే గోత్రం. గట్టిదనం కోసం కాస్త స్టియరిక్ ఆమ్లం కలుపుతారు గానీ ఈ రోజుల్లో అదీ ఎక్కువగా పామాయిలు సంతానమే. పేరులో కొవ్వు ఉండగా వస్తువులో లేకపోవడం దోషం కాదా అంటే, కాదు. ‘కుశలుడు’ అన్న మాటకు దర్భలు కోసేవాడని అర్థమైనా, నేర్పరి దర్భలు కోయనక్కర్లేదు కదా. దీన్ని రూఢి అంటారు.

ఒత్తికీ చరిత్ర ఉంది. పూర్వం దారాన్ని పురిపెట్టి వాడేవారు. కొస మాడి నిలబడిపోయేది, పొగ పెరిగేది, గంటకు ఎన్నోసార్లు కత్తెరతో కత్తిరించాల్సి వచ్చేది. 1825 ప్రాంతంలో కంబసెరెస్ అనే మరో ఫ్రెంచివాడు దారాన్ని జడ అల్లించాడు. అల్లిన వత్తి మండుతూ ఒక పక్కకు వంగుతుంది, దాని కొస మంట అంచులోకి వెళ్ళి బూడిదైపోతుంది. కరెంటు పోయిన రాత్రి వేరే పనేమీ లేక కొవ్వొత్తినే చూస్తూ కూర్చున్నవాళ్ళందరూ ఆ వంపును చూసినవాళ్ళే.

వ్యాఖ్యాతల్లో అగ్రగణ్యుడి పేరు ఇక్కడ తలచుకోవాలి. 1860 క్రిస్మస్ సెలవుల్లో మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలిచ్చాడు. విషయం ఒక్కటే, కొవ్వొత్తి. మరుసటేడు విలియం క్రూక్స్ వాటిని పుస్తకంగా తెచ్చాడు. మంట వేడికి మైనం కరిగి చిన్న గుంటలో నిలుస్తుంది, ఆ ద్రవం వత్తి పోగుల వెంట పైకి పాకుతుంది, పైకి వెళ్ళి ఆవిరవుతుంది, మండేది ఆ ఆవిరి. పసుపుపచ్చని వెలుగు ఇచ్చేది మంటలో ఎర్రగా కాగిన మసి రేణువులు. నమ్మనివారు ఒక స్టీలు చెంచాను మంట నడుమ పెట్టి చూడవచ్చు, క్షణంలో నల్లబడుతుంది. తర్వాత దాన్ని తోమే పూచీ వ్యాఖ్యాతది కాదు.

ఫారడే చూపించిన ఒక చమత్కారం మన తర్కశాస్త్రానికి నేరుగా తగులుతుంది. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని ఊహించవచ్చు. తర్కం చదివే ప్రతివాడూ మొదట నేర్చుకునే ఉదాహరణ ఇది. మరి కొవ్వొత్తి ఊదేసిన మరుక్షణం తెల్లగా లేచే పొగ సంగతేమిటి? నిప్పు లేదు, పొగ ఉంది. తార్కికుడు తడబడేలోగా వెలుగుతున్న అగ్గిపుల్లను ఆ పొగ దారికి తాకిస్తే, మంట పొగ వెంటే కిందికి దిగి వత్తిని అంటుకుంటుంది. అది పొగ కాదు, గడ్డకట్టబోతున్న మైనపు ఆవిరి. తర్కం నిలిచింది, ఉదాహరణ బతికింది.

కొవ్వొత్తికీ ఫ్యానుకీ ఉన్న సంబంధాన్ని శాస్త్రపరిభాషలో వధ్యఘాతక విరోధం అనాలి. కరెంటు పోయినప్పుడు ఫ్యాను స్విచ్చి ఎవరూ కట్టరు. కప్పును బోర్లించి, దాని మీద రెండు చుక్కల మైనం కార్చి, ఆ తడిలో కొవ్వొత్తిని నిలబెట్టి, అది వాలిపోకుండా చూసి అందరూ చుట్టూ సర్దుకునేసరికి కరెంటు వస్తుంది. ఫ్యాను తిరుగుతుంది. కొవ్వొత్తి ఆరుతుంది. వెంటనే కరెంటు మళ్ళీ పోతుంది. ఈ క్రమం తప్పినట్టు ఏ ప్రతిలోనూ లేదు.

అలంకారం. రఘువంశం ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరానికి వచ్చిన రాజుల మధ్య నడుస్తుంటే, రాత్రివేళ రాజమార్గంలో దీపం కదిలిపోతున్నట్టు, ఆమె దగ్గరికొచ్చిన రాజు ముఖం వెలిగి, దాటిపోగానే నల్లబడిందన్నాడు కాళిదాసు. ఆ ఒక్క ఉపమతో దీపశిఖా కాళిదాసన్న పేరు తెచ్చుకున్నాడు. అన్నం వడ్డించడానికి ఇల్లాలు కొవ్వొత్తి పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళినప్పుడు హాల్లో జరిగేదీ అదే. తేడా ఒక్కటే: రాజులు మౌనంగా వెలవెలబోయారు, పిల్లలు “అమ్మా, చీకటీ!” అని అరుస్తారు.

ఇక్కడ పూర్వపక్షి మళ్ళీ లేస్తాడు. ఈసారి అతని వాదం గట్టిది. సెల్‌ఫోనులో టార్చి ఉంది, ఇంట్లో ఇన్వర్టరు ఉంది, చార్జింగు బల్బు ఉంది. కొవ్వొత్తి ఇచ్చే వెలుగు పన్నెండు పదమూడు ల్యూమెన్లు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు 800 దాకా ఇస్తుంది, అంటే అరవై కొవ్వొత్తులకు పైమాటే. పైగా కొవ్వొత్తి పుట్టించే వేడి 80 వాట్ల వరకూ ఉంటుంది, అదీ ఫ్యాను లేని గదిలో. ఒకప్పుడు వెలుగును కొలిచిన కొలమానమే ఇదని గొప్ప చెప్పుకోవచ్చు. 1860లో బ్రిటన్ చేసిన చట్టంలో, గంటకు 120 గ్రెయిన్ల చొప్పున కరిగే స్పెర్మసేటి వత్తిని దీపకాంతికి ప్రమాణం చేశారు. ఇవాళ్టి అంతర్జాతీయ ప్రమాణం కాండెలా పేరు దాని చలవే. అయితే దాని నిర్వచనంలో వత్తీ లేదు, మైనమూ లేదు; 1979 నుంచి సెకనుకు 540 లక్షల కోట్ల కంపనాలున్న కాంతి ఒకటే ఉంది. కాబట్టి కొవ్వొత్తి పని అయిపోయింది, మూలగ్రంథానికీ కాలం చెల్లింది అని పూర్వపక్షం.

సిద్ధాంతం. వెలుగివ్వడమనే ఉద్యోగం నుంచి కొవ్వొత్తి రిటైరైన మాట నిజమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను రోజుల తరబడి చీకట్లో ముంచినప్పటిలా అప్పుడప్పుడు డ్యూటీకి పిలుస్తారు, అంతే. కానీ పెన్షనర్లకు ఉన్నన్ని వ్యాపకాలు ఉద్యోగులకు ఉండవు.

విజయవాడ గుణదల కొండకే వెళ్ళి చూడండి. 1924లో ఫాదర్ అర్లాటి మేరీమాత విగ్రహాన్ని నిలిపిన చోటు అది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకు వచ్చేవాళ్ళలో క్రైస్తవులు కానివారూ చాలామంది. కొబ్బరికాయ, తలనీలాలు, కొవ్వొత్తి మూడూ అక్కడ ఒకే కొండెక్కుతాయి. ముంబయి బాంద్రాలోని మౌంట్ మేరీ చర్చి దగ్గర సెప్టెంబరు జాతరలో మైనంతో చెయ్యి, కాలు, ఇల్లు, పసిబిడ్డ అచ్చులు పోసి అమ్ముతారు. నొప్పి ఏ కాలికో ఆ కాలు సమర్పించుకుంటారు. ఈస్టర్ ముందు రాత్రి కథోలిక గుడుల్లో దీపాలన్నీ తీసేసి, బయట రాజేసిన కొత్త నిప్పుతో పాస్కా కొవ్వొత్తి వెలిగించి లోపలికి తెస్తారు. నిలువెత్తు ఉండే ఆ వత్తి మీద శిలువ గుర్తూ, ఆ ఏటి అంకెలూ చెక్కి ఉంటాయి. దాని నుంచి ఒకరూ, వారి నుంచి పక్కవారూ అంటించుకుంటూ గుడి మొత్తం వెలుగుతుంది. నవంబరు 2న సమాధుల పండుగనాడు, సున్నం కొట్టిన గోరీల మీద బంతిపూల పక్కన వరసగా నిలబడేవీ ఇవే. షబ్-ఎ-బరాత్ రాత్రి హైదరాబాద్ ఖబరస్తాన్లకు వెళ్ళినా కొవ్వొత్తులు కనబడతాయి. పాత ఉర్దూ కవిసభల్లో, అంటే ముషాయిరాల్లో, వంతు వచ్చిన కవి ముందుకు ‘షమా’ను (కొవ్వొత్తిని) జరిపేవారు, అంటే అది అప్పట్లో మైకు పని కూడా చేసింది. ఢిల్లీ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన మీర్జా ఫర్హతుల్లా బేగ్ అలాంటి సభనొకదాన్ని ఊహించి రాసిన ఉర్దూ పుస్తకం పేరే ‘దిల్లీ కీ ఆఖ్రీ షమా’.

హిందువుల పూజలో మాత్రం దాని హోదా వేరు. దీపావళికి పిట్టగోడ మీద నూనె పోసే ఓపిక లేనిచోట ప్రమిదకు బదులు నిలబడుతుంది, కాకరపువ్వొత్తులు అంటించడానికి కింద కూర్చుంటుంది. దాని అసలు పాత్ర సభల్లో చూడాలి. వేదిక మీద పూలు చుట్టిన ఇత్తడి కుంది. ముఖ్య అతిథి చెప్పులు విప్పి వస్తారు. నిర్వాహకుడు వెలిగించిన కొవ్వొత్తి అందిస్తాడు. కుందిలోని ఒత్తి నూనెలో నిండా మునిగి అంటుకోనంటుంది. ఎవరో అరచెయ్యి అడ్డం పెడతారు, ఎవరో ఏసీ ఆపమంటారు, ఫొటోగ్రాఫరు “సార్, ఒక్కసారి ఇటు” అంటాడు, ఒక మైనపు చుక్క అతిథి బొటనవేలి మీద పడుతుంది. ఐదు ఒత్తులూ వెలిగాక చప్పట్లు. చెప్పులు విప్పింది కుంది కోసం. మంట తెచ్చింది కొవ్వొత్తి. దాన్ని ఊదేసి బల్ల కింద పెడతారు. మర్నాటి పేపర్లో జ్యోతి ప్రజ్వలన చేసినవారి పేర్లన్నీ ఉంటాయి.

ఊదడం గురించి ఒక విచారం. దీపం ఆరిపోయిందనడానికే నోరు రాక, కొండెక్కిందనే జాతి మనది. అలాంటివాళ్ళం పుట్టినరోజునాడు పిల్లవాడి చేత మంటను ఊదించి చప్పట్లు కొడుతున్నాం. ఆచారం జర్మనీది. 1746లో కౌంట్ జింజెండార్ఫ్ పుట్టినరోజుకు పెద్ద కేకు చేసి, వయసుకు సరిపడా కన్నాలు పెట్టి ఒక్కో కన్నంలో ఒక్కో కొవ్వొత్తి గుచ్చినట్టు ఆనాటి వర్ణన ఉంది. మనవాళ్ళు సంధి కుదుర్చుకున్నారు: ముందు దేవుడి దగ్గర దీపం, హారతి, ఆ తర్వాత కేకు. అరవై నిండినవారికి అరవై గుచ్చితే అది హోమగుండంలా ఉంటుంది కనుక ఆరు, సున్నా అంకెల వత్తులు ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయి. ఊదినా మళ్ళీ వెలిగేవీ ఉన్నాయి; వాటి వత్తిలో మెగ్నీషియం పొడి ఉంటుంది. 2017లో అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చూస్తే, ఊదిన కేకు పైపూత మీద బాక్టీరియా సగటున 1,400 శాతం ఎక్కువగా కనబడింది. దానితో జబ్బు చేసే ప్రమాదం పెద్దగా లేదని కూడా వాళ్ళే అన్నారు. కాబట్టి ప్రసాదబుద్ధితో తినవచ్చు. నిజంగా భయపడవలసింది, వెలుగుతున్న వత్తి పక్కన నురగ స్ప్రే కొట్టడానికి. ఆ డబ్బాల్లో తరచుగా మండే వాయువు ఉంటుంది.

చేతిపనుల్లోనూ దానికి చోటుంది. మురుకులు, జంతికలు చేసి అమ్మే ఇంటి వ్యాపారుల దగ్గర ప్యాకింగు యంత్రం లేనిచోట చూడాలి. పాలిథిన్ కవరు మూతిని హ్యాక్సా బ్లేడు మీదుగా మడిచి, అంచు రవ్వంత బయటికి వదిలి, కొవ్వొత్తి మంట పక్కనుంచి ఒకే వేగంతో జరుపుతారు. నెమ్మదిస్తే కవరు కాలుతుంది, తొందరపడితే అంటుకోదు. అదే పని మరింత ఘనంగా జరిగేది పోలింగు కేంద్రంలో. ఎన్నికల సిబ్బందికి ఇచ్చే సామగ్రిలో ఓటింగు యంత్రం, సిరా సీసాతో పాటు లక్క, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు ఉంటాయి. సాయంత్రం పోలింగు ముగిశాక లక్కను ఆ మంటలో కరిగించి ముడి మీద వేసి, ప్రిసైడింగు అధికారి ఇత్తడి ముద్ర గుద్దుతారు. యంత్రం ఎంత ఆధునికమైనా దాని పెట్టె మీద నమ్మకం వేడి లక్కతోనే. మూలగ్రంథంలోని ‘అగ్గిపెట్టె కూడా’ అన్న సూక్ష్మాన్ని పాటించిన ప్రభుత్వ పత్రం వ్యాఖ్యాతకు తెలిసి ఇదొక్కటే.

వీధిలోకి వస్తే అది ప్రజల పక్షం. 2006లో జెస్సికా లాల్ హత్య కేసు నిందితులు కింది కోర్టులో విడుదలైనప్పుడు జనం ఇండియా గేటు దగ్గర కొవ్వొత్తులతో నిలబడ్డారు. అంతకు కొద్ది వారాల ముందు విడుదలైన ‘రంగ్ దే బసంతి’ సినిమాలోనూ అలాంటి దృశ్యమే ఉంది. ఇప్పుడు ‘కొవ్వొత్తుల ర్యాలీ’ జిల్లా పేజీల్లో రోజువారీ మాట. దక్షిణ కొరియాలో 2016 చలికాలమంతా, అధ్యక్షురాలు దిగిపోవాలంటూ లక్షలమంది వారం వారం కొవ్వొత్తులతో వీధుల్లోకి వచ్చారు. గాలి వీస్తే ఆరిపోయేవే కదా అని పాలకపక్ష సభ్యుడొకరు తేలిక చేస్తే, జనం బ్యాటరీ కొవ్వొత్తులు పట్టుకొచ్చారు. అధ్యక్షురాలు పార్క్ గున్-హే 2017 మార్చిలో పదవి పోగొట్టుకుంది.

మూలానికి పూర్తిగా విరుద్ధమైన ప్రయోగం ఒక్కటే ఉంది. 2020లో కరోనా లాక్‌డౌన్ వేళ, ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలపాటు ఇంట్లో లైట్లు ఆర్పి కొవ్వొత్తో దీపమో టార్చో వెలిగించమని ప్రధాని పిలుపిచ్చారు. ఆ కాసేపట్లో దేశంలో కరెంటు వాడకం సుమారు 32 వేల మెగావాట్లు పడిపోయింది. గ్రిడ్డు కూలకుండా ఇంజినీర్లు జలవిద్యుత్ కేంద్రాలను ఆడించి కాపాడారు. కరెంటు పోయినందుకు కొవ్వొత్తి వెలిగించడం సామాన్య సూత్రం. కొవ్వొత్తి కోసం కరెంటు తీసేయడం అపవాద సూత్రం. తాత్పర్యం చెప్పడం అక్కడితో వ్యాఖ్యాతకు కష్టమైపోయింది కనుక, నేరుగా ఫలశ్రుతికి వస్తున్నాడు.

ఇంతవరకు చదివినవారికి కలిగే ఫలం ఇది. బట్ట మీద మైనం పడితే వేడిగా ఉండగా తుడవకండి, ఇంకా లోపలికి ఇంకుతుంది. ఐసుముక్క పెట్టి గట్టిపడనిచ్చి, చెంచా అంచుతో గీకేయండి. మిగిలిన మరకకు పైనా కిందా పాత కాగితం వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే మైనం కాగితంలోకి దిగిపోతుంది. నూనె మచ్చ తేలిన కాగితాన్ని మారుస్తూ రెండు మూడుసార్లు చేయాలి. పట్టుచీర అయితే ఈ ప్రయోగం ముందు కొంగు లోపలి మూల మీద చేసి చూడండి.